పాత పికప్‌కు కొత్త ఈసీయూ: మార్చే ముందు ఏం చూడాలి?

1988లో వచ్చిన టాటామొబైల్ పికప్ డీజిల్ ఇంజిన్‌కు కంప్యూటర్ లేదు. ఇంధనాన్ని యాంత్రిక పంపే కొలిచి పంపేది. కామన్ రైల్ ఇంజిన్లు వచ్చాక ఆ పనిని ఈసీయూ అనే ఎలక్ట్రానిక్ పెట్టె నియంత్రిస్తోంది. జంషెడ్‌పూర్‌లోని పర్సుడీహ్ వంటి చోట సరుకు మోసే పాత బండిలో అది మొరాయిస్తే, యజమానికి ఆ రోజు ఆదాయం లేనట్టే.

ఎందుకు పాడవుతుంది?

వేడెక్కి చల్లారిన ప్రతిసారీ సర్క్యూట్ బోర్డు, దానిపై భాగాలు వేర్వేరు మేరకు వ్యాకోచించి సంకోచిస్తాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే వాటిని అతికిన టంకంలో సన్నని పగుళ్లు వస్తాయి. కనెక్టర్‌లోకి వాన నీరు చేరితే పిన్నులు తుప్పు పడతాయి.

లోపం ఈసీయూదేనా?

ముందుగా బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ తీగ చూడాలి. తర్వాత సెన్సార్లకు ఈసీయూ ఇచ్చే 5 వోల్టులను మల్టీమీటర్‌తో కొలవాలి. అవి అందకపోతే ఆ లైనులోని సెన్సార్లను ఒక్కొక్కటిగా విప్పాలి. ఒకటి విప్పగానే 5 వోల్టులు తిరిగొస్తే దోషం ఆ సెన్సార్‌లోనే ఉందని అర్థం. ఖరీదైన ఈసీయూ జోలికి వెళ్లనక్కర్లేదు.

మార్చక తప్పకపోతే...

పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ రెండూ సరిపోవాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాకే కనెక్టర్ తీయాలి. ఇమ్మొబిలైజర్ ఉంటే తాళంచెవిని కొత్త ఈసీయూలో నమోదు చేయాలి; లేకుంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చంగా ఒకే మోతాదులో డీజిల్ చిమ్మవు. అందుకే చాలా ఇంజిన్లలో ఒక్కో ఇంజెక్టర్‌పై ముద్రించిన కోడ్‌నూ ఈసీయూకు ఇవ్వాలి.