పొలము మన్నా, బూడిద ఇటుకా?



వేసవి వచ్చి పొలములు ఆరగానే ఇటుక బట్టీలవారు మన్ను బేరమునకు వచ్చుట గోదావరి జిల్లాలలో వాడుకయే. "మీ చేను మెరకగా ఉన్నది. అడుగు లోతున తీసికొందుము. నీరు చక్కగా పారును, పైగా రొక్కము చేతికి వచ్చును" అని చెప్పుదురు. మెట్టయు మాగాణియు కలిసియుండు కోరుకొండ ప్రాంతపు రైతులకు ఈ మాట వినసొంపుగానే ఉండును. కొన్ని చోట్ల మెరక తీసి చదును చేయుట అవసరము కూడ కావచ్చును. కాని చేనినుండి పోవుచున్నదేమి, దానికి బదులు ఇల్లు కట్టుటకు మరియొక వస్తువు లేదా అను రెండు ప్రశ్నలకు జవాబు తెలిసికొన్న పిమ్మటనే బేరమాడవలెను. ఈ పాఠము ఆ రెండింటిని గూర్చినదే.

ఆరంగుళముల మన్నులో ఏమున్నది?

ఎకరము నేలలో పై ఆరంగుళముల మన్ను రమారమి 850 టన్నుల బరువుండును. ఒక్కొక్క ఇటుకకు మూడు కిలోలకు పైగా మన్ను కావలెను. అనగా ఎకరము నుండి సుమారు రెండున్నర లక్షల ఇటుకలు వచ్చును. ఇంటికి 20 వేల ఇటుకలు పట్టుననుకొన్నచో, పన్నెండు ఇండ్లతో ఎకరము పైమన్ను చెల్లిపోవును.

ఆ మన్నులో సేంద్రియ కర్బనము నూటికి అరపాలు మాత్రమే ఉన్నదనుకొందము. అప్పటికిని కర్బనము 4 టన్నులకు పైగాను, దానితో కూడియుండు నత్రజని 400 కిలోల వరకును ఉండును. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము ఎక్కువ మాత్రమే. కావున బట్టీకి పోవునది ఇరువది బస్తాల యూరియాలోని నత్రజనికి సమానము. భాస్వరము, పొటాషు, జింకు, నేలను గుల్లగా ఉంచు సూక్ష్మజీవులు ఈ లెక్కలో చేరలేదు. బస్తాలు కొని తెచ్చి వేయవచ్చును గాని, ఏండ్ల తరబడి పశువుల ఎరువుతోను, పచ్చిరొట్టతోను ఏర్పడిన మన్ను గుణమును అంగడిలో కొనలేము.

మరియొక నష్టము కలదు. చేను పల్లమైన కొలది చుట్టుప్రక్కల నీరు అందులోనికి చేరును. మురుగు పోవు దారి లేనిచోట సార్వా నాట్లు మునిగిపోవును. ఒక రైతు మన్ను తీయించినచో, గట్టునకు ఆవలి రైతు చేను కోసుకొని పోవును. ఇది ఇరుగుపొరుగుల తగవులకు కూడ మూలమగును.

బూడిద ఇటుకగా మారుట ఎట్లు?

మన దేశపు బొగ్గులో బూడిద మిక్కుటము. నూరు బస్తాల బొగ్గు కాల్చినచో 30 మొదలు 45 బస్తాల వరకు బూడిద మిగులును. ఇందులో అధిక భాగము పొగతో పైకి పోవు మెత్తని బూడిద. దీనిని పొగగొట్టమునకు చేరకమునుపే యంత్రములతో పట్టుదురు. దీనినే ఫ్లై యాష్ అందురు.

ఈ బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ. ఇవి తమంత తాముగా గట్టిపడవు. సున్నమును, నీటిని చేర్చినప్పుడు మెల్లమెల్లగా కలిసి రాయివలె బిగియును. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన పెద్దలు ఇటుక పొడిని సున్నములో వేసి గానుగపట్టి గోడలు కట్టిరి. అందులో జరిగినదియు ఇదే. అమెరికాలో 1953లో పూర్తియైన హంగ్రీ హార్స్ ఆనకట్టలోను, మన దేశమున 1962లో పూర్తియైన రిహాండ్ ఆనకట్టలోను సిమెంటుతోపాటు బొగ్గు బూడిదను వాడిరి.

ఈ పద్ధతిని చిన్న ఇటుకల కర్మాగారములకు అందుబాటులోనికి తెచ్చినవారు మన విశాఖపట్నము వారే. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను శాస్త్రజ్ఞులు బూడిద, సున్నము, జిప్సము కలిపి, కాల్చకుండనే ఇటుక చేయు విధానమును రూపొందించిరి. ఆ మూడింటి ఇంగ్లీషు పేర్లను బట్టి దీనికి ఫాల్-జి అని పేరు వచ్చెను. వేరుసెనగకును, చౌడు నేలకును మనము వేయు జిప్సమే ఇందులో ఇటుక త్వరగా బిగియుటకు తోడ్పడును.

సాధారణముగా బూడిద నూటికి 50-60 పాళ్లు, ఇసుక లేక రాతిపొడి 25-30 పాళ్లు, మిగిలినది సున్నము, జిప్సము ఉండును. సున్నమునకు బదులు సిమెంటు వేయువారును కలరు. అచ్చు తీసిన ఇటుకలను ఒకటి రెండు దినములు ఆరనిచ్చి, పిమ్మట రెండు మూడు వారములు నీటితో తడుపుచుండవలెను. బట్టీ లేదు, కట్టెలు లేవు, ఊక లేదు.

మన ప్రాంతమునకు ఏ బూడిద అందును?

జేగురుపాడు, వేమగిరి విద్యుత్కేంద్రములు మనకు దగ్గర గదా, అచ్చట బూడిద దొరకునా అని కొందరు అడుగుదురు. దొరకదు. అవి సహజవాయువుతో నడచుటకై కట్టినవి. వాయువు కాలినచో బూడిద మిగలదు. బొగ్గు బూడిద రావలసినది విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున 1979లో మొదటి యంత్రము నడచిన నార్ల తాతారావు థర్మల్ కేంద్రము నుండి గాని, విశాఖ వైపు పరవాడ వద్ద 2002లో ప్రారంభమైన సింహాద్రి కేంద్రము నుండి గాని. కోరుకొండకు రెండును నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరమే. కావున బూడిద ఇటుక ధరలో లారీ కిరాయి పాలు ఎక్కువ. కొనుటకు ముందు ఇంటివద్దకు చేరు ధరనే అడుగవలెను.

కేంద్ర ప్రభుత్వము 1999లో ఒక నియమము చేసెను. థర్మల్ కేంద్రమునకు 50 కిలోమీటర్లలోపల మట్టి ఇటుకలు చేయువారు నూటికి 25 పాళ్లకు తగ్గకుండ బూడిద కలుపవలెనని దాని సారాంశము. నియమముల పరిధి 2003లో 100 కిలోమీటర్లకును, 2016లో 300 కిలోమీటర్లకును పెరిగెను. 2021 డిసెంబరు 31న వచ్చిన క్రొత్త ప్రకటన వీని స్థానమున నిలిచి, బూడిదనంతటిని వినియోగమునకు తెచ్చు బాధ్యతను విద్యుత్కేంద్రములపై ఉంచెను.

బట్టీలను ఆశ్రయించి ఎన్నో కుటుంబములు బ్రదుకుచున్నవి. వానిని మూయవలెనని మా మాట కాదు. మన్నులో నాలుగవ పాలు బూడిద కలిపినచో నాలుగెకరముల మన్ను పోవుచోట మూడెకరములతో సరిపోవును. బూడిదలో కాలక మిగిలిన బొగ్గు వలన వంటచెరకు కూడ కొంత ఆదా యగును.

మన ఊరి బూడిద - ఊక బూడిద

నూరు కిలోల ధాన్యము ఆడించినచో 20 కిలోల ఊకయు, ఆ ఊక కాలినచో 4 కిలోల బూడిదయు వచ్చును. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండినవనుకొన్న, 90 కిలోల బూడిద మన పంటనుండియే పుట్టుచున్నది. ఇందులో సిలికా నూటికి 85 పాళ్లకు పైగా ఉండును. వేడి అదుపులో ఉంచి, సుమారు 700 డిగ్రీలకు మించకుండ కాల్చి, మెత్తగా విసరిన బూడిద సిమెంటులో పదవ పాలు వరకు కలుపదగినది. కాని మిల్లు బాయిలరు నుండి వచ్చు నల్లని బూడిదలో కాలని బొగ్గు ఎక్కువ. దానిని తెచ్చి నేరుగా సిమెంటులో కలుపరాదు, గోడ బలము తగ్గును. అట్టి బూడిదను వరి నారుమడిలో పలుచగా చల్లి కలియదున్నుట మేలు. నేల గుల్లబారి నారు తేలికగా ఊడివచ్చును.

చెత్త కాల్చిన బూడిద జోలికి పోరాదు

విశాఖపట్నమున కాపులుప్పాడ వద్దను, గుంటూరు సమీపమునను పట్టణపు చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కేంద్రములను నెలకొల్పిరి. ఇట్టి కేంద్రములలో రెండు విధములైన బూడిద వచ్చును. పొయ్యి అడుగున మిగులు బూడిద నుండి ఇనుము మొదలగు లోహములను వేరుచేసి, కొన్ని వారములు ఆరుబయట ఉంచి, పరీక్షించిన పిమ్మట డెన్మార్కు, నెదర్లాండ్సు దేశములలో రోడ్ల అడుగు పొరలకు వాడుచున్నారు. పొగనుండి పట్టిన బూడిదలో సీసము, కాడ్మియము, డయాక్సినులు అను విష పదార్థములు చేరియుండును. దానిని ప్రత్యేకముగా కట్టిన గోతులలోనే పూడ్చవలెను. ఈ రెండింటిలో దేనినైనను ఉచితముగా ఇత్తుమన్నను ఇంటికి గాని, పశువుల పాకకు గాని, చేనికి గాని తేవలదు.

బూడిద ఇటుక కొనునపుడు

1. ఇటుక చేసి 28 దినములైనవో లేదో అడుగవలెను. తొందరపడి పచ్చి ఇటుకతో కట్టినచో తరువాత కుంచించుకొని గోడకు పగుళ్లు వచ్చును. ఈ ఇటుకలపై వచ్చు ఫిర్యాదులలో పెక్కింటికి ఇదియే కారణము.

2. రెండు ఇటుకలను తాకించిన ఖంగుమని మ్రోగవలెను. గోటితో గీచిన పొడి రాలరాదు.

3. ఎండిన ఇటుకను తూచి, ఒక పగలు ఒక రాత్రి నీటిలో ఉంచి, తుడిచి మరల తూచవలెను. 3 కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీరు త్రాగరాదు.

4. చదరపు సెంటీమీటరుకు 75 కిలోల బరువు తట్టుకొను తరగతి ఇటుక మామూలు ఇంటి గోడలకు చాలును. ఎక్కువ సరుకు కొనువారు పరీక్షా పత్రమును అడిగి చూడవలెను.

5. ఊటనీరు పైకి వచ్చు పల్లపు స్థలములలో పునాదిని రాతితో కట్టి, గోడ ప్రారంభమున చెమ్మ ఎక్కకుండ కాంక్రీటు పట్టీ వేసి, దానిపై ఈ ఇటుక వాడవలెను.

బొగ్గు బూడిద పలుచనిదే గదా యని చేలో కుప్పలుగా పోయరాదు. అందులో బోరాను, లవణములు అధికముగా ఉండుట కలదు. భూసార పరీక్షయు, అధికారి సలహాయు లేక వేయదగదు.

మన్ను తీయక తప్పనిచో

మెరక తీయుట తప్పనిసరి యైనచో పై ఆరంగుళముల మన్నును ముందుగా ఒక మూలకు త్రోసి కుప్ప వేయించవలెను. అడుగు మన్నునే బట్టీకి పంపి, కుప్ప వేసిన మన్నును తిరిగి చేనంతట పరపించవలెను. ఈ షరతును బేరమునాడే కాగితముపై వ్రాయించుకొనుడు. గట్టునకు దగ్గరగా త్రవ్వనీయకుడు. ఇదివరకే పైమన్ను పోయిన చేలకు ఎకరమునకు 4-5 టన్నుల పశువుల ఎరువు ఏటేట వేయవలెను. జనుము గాని, జీలుగ గాని పెంచి పూతదశలో కలియదున్నవలెను. భూసార పరీక్ష చేయించి జింకు లోపమున్నచో సరిదిద్దవలెను. ఒక్క ఏటిలో నేల కోలుకొనదు. మూడు నాలుగేండ్లు విడువక చేసిననే ఫలితము కనబడును.

మన్ను బేరమునకు ఎవరైన వచ్చినప్పుడు వారిచ్చు రొక్కము ప్రక్కన ఇరువది బస్తాల యూరియా ధరను, మూడు నాలుగేండ్ల తక్కువ దిగుబడిని వేసి లెక్క చూచుకొనుడు. అటుపిమ్మట తీర్మానించుకొనుడు.