కుర్చీలో కూర్చోవాలా? మానెయ్యాలా?



పోయిన వారం మన కేంద్రంలో ఒక అక్క ఒక మాట అడిగింది. ఆమె పంచాయతీలో వార్డు మెంబరు.

"టీచరమ్మా! ఆడ నాకు నచ్చిన పని ఒక్కటీ జరగడం లేదు. లెక్కలు చెప్పరు. సంతకం మాత్రం పెట్టమంటారు. నేను ఆ మీటింగులకు పోతే వాళ్ల తప్పులో నాకూ పాలు ఉన్నట్టే కదా? మానేస్తే పోలా?"

పక్కనున్న పెద్దమ్మ వెంటనే అంది. "నువ్వు మానేస్తే వాళ్లకు ఇంకా మంచిది. అడిగేవాళ్లే ఉండరు."

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వెనకటికి ఒక ఆడమనిషికి ఇలాంటి చిక్కే వచ్చింది. ఆమె ఏం చేసిందో చదువుదాం.

డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి

ముత్తులక్ష్మి గారు 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. అది తమిళుల ఊరు. ఆమె తల్లిది దేవదాసి కుటుంబం. ముత్తులక్ష్మి గారు పట్టుదలగా చదివారు. 1912లో మద్రాసులో డాక్టరు పరీక్ష పాసయ్యారు.

అప్పుడు మనల్ని తెల్లవాళ్లు ఏలుతున్నారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు కిందే ఉండేవి. మద్రాసులో చట్టాలు చేసే సభ ఒకటి ఉండేది. అందులో మనవాళ్లూ ఉండేవారు. కానీ పోలీసులు, ఖజానా తెల్లవాళ్ల చేతిలోనే ఉండేవి. సభ చేసిన చట్టాన్ని గవర్నరు కాదంటే అది చెల్లదు.

అందుకే 1920లో గాంధీగారు ఆ సభలకు పోవద్దన్నారు. లోపల కూర్చుంటే పరాయి పాలనకు ఒప్పుకున్నట్టే అని చాలామంది అనుకున్నారు. కొన్నేళ్లకు కాంగ్రెసులోనే కొందరు వేరే మాట చెప్పారు. లోపలికి పోయి ఎదిరిద్దాం అన్నారు. అంటే మన అక్క, పెద్దమ్మ పడిన వాదమే అప్పుడు దేశమంతా నడిచింది.

1927లో ముత్తులక్ష్మి గారు ఆ సభలో చేరారు. ఆ సభలో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమెను జనం ఎన్నుకోలేదు. ప్రభుత్వమే నియమించింది.

ఆ కుర్చీతో ఏం చేశారు?

ఆ రోజుల్లో కొందరు ఆడపిల్లల్ని చిన్నప్పుడే గుడికి అంకితం చేసేవారు. వాళ్లను దేవదాసీలు అనేవారు. వాళ్లకు అందరిలా పెళ్లి, కాపురం ఉండేవి కావు. కొందరికి గుడి మాన్యం ఉండేది. గుడిలో సేవ చేస్తేనే ఆ భూమి. సేవ మానేస్తే కూడు పోతుంది. ఇంక ఎలా బయటపడతారు?

ముత్తులక్ష్మి గారు సభలో దీన్ని నిలదీశారు. దేశభక్తులుగా పేరున్నవాళ్లు కూడా కొందరు అడ్డం చెప్పారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1929లో చట్టం వచ్చింది. సేవ మానేసినా భూమి ఆ ఆడవాళ్లకే ఉండాలని అందులో రాశారు.

అది పరాయివాళ్ల సభే. అయినా అందులో నుంచే మన ఆడవాళ్లకు భూమి దక్కింది.

ఆ తర్వాత ఆమె ఇంకో బిల్లు తెచ్చారు. అసలు ఆడపిల్లల్ని అంకితం చేయడమే నేరం కావాలన్నారు.

కుర్చీ వదిలారు

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మే నెలలో గాంధీగారిని జైల్లో పెట్టారు. ఆయన్ని జైల్లో పెట్టిన ప్రభుత్వం సభలో ఇక కూర్చోలేనని ముత్తులక్ష్మి గారు రాజీనామా చేశారు. అప్పటికి బిల్లు ఇంకా చట్టం కాలేదు.

ఆ చట్టం 1947లో గానీ రాలేదు. మధ్యలో పదిహేడేళ్లు గడిచాయి. ఆ పదిహేడేళ్లలో అంకితమైన పిల్లల సంగతి ఏమిటి? ఆమె సభలోనే ఉంటే చట్టం ముందే వచ్చేదా? ఎవరూ చెప్పలేరు. లోపల ఉండటానికీ ఖరీదు ఉంది. బయటికి రావడానికీ ఖరీదు ఉంది.

బయటికి వచ్చి ఆమె ఊరుకోలేదు. దిక్కులేని ఆడపిల్లల కోసం మద్రాసులో అవ్వై హోం పెట్టారు. 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి తెరిపించారు.

చట్టం వచ్చినంత మాత్రాన ఆచారం పోలేదు. మన దగ్గర జోగిని, బసివి అనే పేర్లతో అది మిగిలింది. అందుకే 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది.

మరి మన అక్క ఏం చేయాలి?

నాకు తోచింది చెబుతాను. కుర్చీలో కూర్చోవడం వేరు. తప్పు కాగితం మీద సంతకం పెట్టడం వేరు. కూర్చున్నంత మాత్రాన తప్పు మనది కాదు. చూసి కూడా నోరు మూసుకుంటే అప్పుడు మనదవుతుంది.

పైగా పంచాయతీ పరాయివాళ్లది కాదు. అది మనదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి.

అక్కా! నీకిప్పుడు చదవడం వచ్చు. తీర్మానాల పుస్తకం చదివాకే సంతకం పెట్టు. నచ్చకపోతే "నేను ఒప్పుకోను" అని అందులో రాయించు. అడగనివ్వకుండా నోరు నొక్కేసిన రోజున బయటికి రా. ఎందుకు వచ్చావో ఊరందరికీ చెప్పు.

కొత్త మాటలు

నియమించడం - ఒక పనిలో పెట్టడం
మాన్యం - సేవకు బదులుగా ఇచ్చిన భూమి
రాజీనామా - పదవి వదులుకోవడం
తీర్మానం - సభలో అందరూ కలిసి తేల్చిన మాట

మాట్లాడుకుందాం

1. ముత్తులక్ష్మి గారు సభలో చేరడం మంచిదేనా? ఎందుకు?
2. ఆమె స్థానంలో మీరుంటే 1930లో ఏం చేసేవారు?
3. చదవకుండా ఎప్పుడైనా సంతకం గానీ, వేలిముద్ర గానీ వేశారా? ఏం జరిగింది? నాలుగు వాక్యాలు రాయండి.