ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో మెత్తని పగడపు జీవులు: ఎంపిక, వెలుతురుకు అలవాటు చేసే విధానం

షేడ్‌నెట్ కింద పెరిగిన నారును ఒక్కసారిగా మండుటెండలో నాటితే ఆకులు తెల్లబారి మాడిపోతాయన్నది కూరగాయల రైతులందరికీ తెలిసిన విషయమే. ఇంటి అక్వేరియంలో పగడపు జీవులను పెంచదలచినవారు మాత్రం ఈ సూత్రాన్ని తరచుగా విస్మరిస్తారు. కొత్తగా తెచ్చిన జీవిని నీటికి అలవాటు చేయడానికి గంటల తరబడి శ్రమించి, ఆ రోజే దానిని దీపాల కింద పూర్తి వెలుతురులో ఉంచుతారు. నిజానికి నీటికి ఒక గంట చాలు. వెలుతురుకు వారాలు కావాలి.

దీనికి కారణం జీవి శరీర నిర్మాణంలోనే ఉంది. పగడం జంతువే అయినా, దాని కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఇవి తయారుచేసే పదార్థాలే ఆతిథ్య జీవి శక్తి అవసరాలలో అధిక భాగాన్ని తీరుస్తాయి. వెలుతురు హఠాత్తుగా పెరిగితే శైవలాలు వినియోగించుకోలేని శక్తి వల్ల హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం శైవలాలను కోల్పోయి తెల్లబారుతుంది. శైవలాల సంఖ్య, వాటిలోని వర్ణకాల పరిమాణం కొత్త వెలుతురుకు తగినట్లు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఎంపికకు ముందు చట్టాన్ని గమనించాలి. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. దుకాణంలో బహిరంగంగా దొరుకుతున్నంత మాత్రాన అనుమతి ఉన్నట్లు కాదు. విదేశాల నుంచి వచ్చినవని చెబితే దిగుమతి పత్రాలు చూపమని అడగాలి. కాబట్టి కొత్తవారు గట్టి సున్నపు అస్థిపంజరం లేని జాతులకే పరిమితం కావడం మంచిది. తట్టుకునే శక్తి అధికంగా ఉన్నవి కూడా వీటిలోనే ఎక్కువ.

మొదటగా పెంచదగినది పుట్టగొడుగు ఆకారపు డిస్కోసోమా. ఇది తక్కువ వెలుతురులో, నెమ్మదైన ప్రవాహంలో కూడా పెరుగుతుంది. తరువాతది తోలు పగడమని పిలిచే సార్కోఫైటన్. జోయాంథస్, పాలీథోవా జాతులు కూడా మొండివే కాని, వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా వీటిని కోయరాదు. ఇవి పట్టిన రాళ్లను ఎట్టి పరిస్థితిలోనూ మరిగించరాదు. పిల్లలున్న ఇంట్లో వీటిని పెంచకపోవడమే మేలు. ఏ జాతినైనా, మొక్కల కత్తిరింపుల వలె అక్వేరియంలోనే వృద్ధి చేసిన ముక్కలను కొనాలి.

తొట్టె సిద్ధం చేసిన తరువాత కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరిన పిమ్మటే జీవిని తేవాలి. లవణీయత వెయ్యికి 35 వంతులు, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేసవిలో ఈ ఉష్ణోగ్రతను నిలపడమే కష్టం. ఫ్యాను గాలితో నీరు కొంత చల్లబడుతుంది కాని ఆవిరి పెరిగి ఉప్పు గాఢమవుతుంది. తగ్గిన నీటిని ఆర్.ఓ. మంచినీటితోనే భర్తీ చేయాలి, ఉప్పునీటితో కాదు. బోరు నీరు ఇందుకు పనికిరాదు.

జీవిని తెచ్చాక చేయవలసిన పని రొయ్య పిల్లలను చెరువులో వదిలే రైతులకు పరిచితమే. మూసిన సంచిని 15 నుంచి 20 నిమిషాలు తొట్టెలో తేలనిచ్చి, తెరిచిన తరువాత అరగంట సేపు తొట్టె నీటిని కొద్దికొద్దిగా కలపాలి. అంతకు మించి సాగదీయడం ప్రమాదకరం. మూసి ఉన్న సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకొని పి.హెచ్. తగ్గుతుంది, ఆ స్థితిలో అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి తెరవగానే పి.హెచ్. పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకే సంచిలోని నీటిని తొట్టెలో పోయరాదు.

మొదటి వారం జీవిని తొట్టె అడుగున, నీడలో ఉంచాలి. నడి ఎండలో మొక్కలకు అందే కిరణజన్య కాంతి చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2,000 మైక్రోమోల్‌లు. డిస్కోసోమాకు 50 నుంచి 100 సరిపోతుంది. కాంతిని కొలిచే పరికరం లేనివారు దీపాల తీవ్రతను సగానికి తగ్గించి, వారానికి ఐదు నుంచి పది శాతం చొప్పున పెంచవచ్చు. రంగు వెలిసిపోతే వెలుతురు అధికమని, పుట్టగొడుగు పైకి సాగి గరాటులా మారితే చాలడం లేదని గ్రహించాలి. రెండు సందర్భాల్లోనూ చోటు కొద్దిగానే మార్చి, మరో వారం ఆగి చూడాలి. రోజూ చోటు మార్చే జీవి దేనికీ అలవాటు పడదు.

సార్కోఫైటన్ విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇది అప్పుడప్పుడు ముడుచుకొని, కొన్ని రోజుల పాటు మైనం పూసినట్లు మెరుస్తూ ఉండి, పై పొరను విడుస్తుంది. చనిపోయిందని భ్రమించి పారవేసేవారు ఉన్నారు. కణజాలం కరిగి దుర్వాసన వస్తేనే తొలగించాలి. లేనప్పుడు నీటి ప్రవాహాన్ని కొద్దిగా పెంచితే పొర రాలిపోయి, జీవి తిరిగి విచ్చుకుంటుంది.