పాత పెట్రోలు బండికి మద్యసార ఇంధనము

పుప్పాలగూడ పొలములు నేడు మేడలైనవి. అయినను ఆ దారిని పోవు మోటారు బండ్ల పెట్రోలులో చెఱకు, మొక్కజొన్న, నూకలనుండి తీసిన మద్యసారము, అనగా ఎథనాలు, కొంత కలిసియే యున్నది. మన పంటతోనే మన పాత బండిని పూర్తిగా నడపరాదా యని రైతునకు తోచుట సహజము. ఆ విషయమును ఇచ్చట విచారింతము.

ఇది క్రొత్త యోచన కాదు. 1948లోనే మన దేశమున పవర్ ఆల్కహాలు చట్టము చేయబడి, 2000లో రద్దయ్యెను. 2003లో మిశ్రమము మరల మొదలై, 2025 నాటికి నూటికి 20 పాళ్లకు చేరెను. బ్రెజిలు దేశమున 1979లోనే కేవల మద్యసారముతో నడచు కార్లు అమ్మకమునకు వచ్చెను. కాని అవి అందులకై చేయబడిన బండ్లు; మనవి అట్టివి కావు.

మొదట లెక్క చూడవలెను. లీటరు పెట్రోలునందలి వేడిలో లీటరు మద్యసారమున సుమారు మూడింట రెండు వంతులే కలదు. పెట్రోలుతో లీటరునకు 45 కిలోమీటర్లు పోవు బండి కేవల మద్యసారముతో సుమారు 30, నూటికి 20 పాళ్ల మిశ్రమముతో సుమారు 42 కిలోమీటర్లు పోవునని ఎంచవచ్చును. కావున లీటరు వెలను గాక కిలోమీటరు ఖర్చును చూడవలయును.

తరువాత యంత్రము సంగతి.

1. కిలో పెట్రోలు మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. మద్యసారమునకు 9 కిలోలు చాలును. అందుచేత ఇంధన మెక్కువగా పోవునట్లు కార్బురేటరు జెట్టు రంధ్రమును పెద్దది చేయింపవలెను. లేనిచో ఇంజను మితిమీరి వేడెక్కి చెడును.

2. పాత రబ్బరు గొట్టములు, వాషర్లు ఉబ్బి పగులును; అల్యూమినియము, జింకు భాగములు తినివేయబడును. మద్యసారమునకు తాళు గొట్టములనే వేయింపవలెను.

3. ట్యాంకులోని పాత మడ్డి విడివడి ఫిల్టరునకు అడ్డుపడును. కొలదిదినములలోనే దానిని మార్చవలెను.

4. మద్యసారము నీటిని పీల్చుకొనును. మిశ్రమమున నీరు హెచ్చినచో, మద్యసారము నీటితో గూడి అడుగునకు దిగును. బండిని నెలల తరబడి కదల్పక నిలుపరాదు.

5. చలి ఉదయములందు ఇంజను సులభముగా అంటుకొనదు. ఆరంభమునకు కొంచెము పెట్రోలు వలయును.

ఇంధనము మార్చినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి అనుమతి పొంది, రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించుకొనవలెను. ఇంటివద్ద బట్టీ పెట్టి సారము దీయుట నేరము, అగ్నిప్రమాదము కూడ.

కావున మేము చెప్పున దేమనగా: పాత బండిని కేవల మద్యసారమునకు మార్చుటకై సొమ్ము వెచ్చింపకుడు. బంకు మిశ్రమమునకు తాళునట్లు గొట్టములు, వాషర్లు, ఫిల్టరు మాత్రము మార్పించుడు. మద్యసారమువలన రైతునకు కలుగవలసిన లాభము చెఱకునకు, మొక్కజొన్నకు వచ్చు ధరలో నున్నది గాని బండి ట్యాంకులో లేదు. ఆ ధరకై సంఘముగా కూడి బేరమాడుటయే మనకు మేలు.