మంద యొద్దకు వెళ్లిన కాపరి

పఠించవలసిన భాగములు: యెహెజ్కేలు 34:1–16, 1 పేతురు 5:1–4

1253వ సంవత్సరమున ఇంగ్లాండులోని లింకన్ బిషప్పునకు పోపు నాల్గవ ఇన్నోసెంటు వారి ఆజ్ఞ యొకటి అందెను. పోపుగారి బంధువునకు లింకన్ కతీడ్రలులో ఆదాయముగల పదవి నీయవలెనని దాని సారాంశము. వృద్ధుడైన బిషప్పు రాబర్ట్ గ్రోసెటెస్ట్ అందుకు సమ్మతింపలేదు. క్రీస్తు మందను మేపనివానికి మంద ఆదాయము నిచ్చుట పాపమనియు, పోపుపీఠమునకు విధేయుడగుటచేతనే తాను కాదనుచున్నాననియు ఆయన ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ అక్టోబరు నెలలోనే ఆయన మరణించెను.

ఆయన బీదవారింట పుట్టినవాడు. ఆక్స్‌ఫర్డులో ఫ్రాన్సిస్కను సన్యాసులకు బోధకుడై యుండి, 1235లో బిషప్పు ఆయెను. తన ప్రాంతమంతయు తిరిగి, బోధకులను పరీక్షించి, ప్రజలకు వాక్యము బోధింపజేసెను. తమను పరీక్షించు హక్కు ఆయనకు లేదని స్వంత కతీడ్రలు వారే ఎదిరింపగా, ఆ వివాదము 1245 వరకు సాగెను. ఆయన కతోలిక సంఘమును విడువలేదు. అయినను తరువాతి శతాబ్దమున విక్లిఫ్ ఆయనను గౌరవముతో పేర్కొనెను. యూదులను గూర్చిన ఆయన తలంపులు మాత్రము మనకు దుఃఖకరములు. భక్తులలో కూడ అనుసరింపరానివి ఉండునని ఎరుగుట మంచిది.

అధ్యక్షపదవి ఎవరి కొరకు? ఈ ప్రశ్న ఇరువదవ శతాబ్దమున మన తెలుగుదేశములోనే మరియొక రూపమున లేచినది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగష్టు 17న తిరునల్వేలి ప్రాంతమందలి వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి ఆంగ్లికన్ సంఘ గురువు. అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేయుచు, 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు కారకుడాయెను. ఇతరులను పొమ్మని చెప్పి తాను ఇంటనుండుట ఆయనకు సరిపడలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, నైజాం రాజ్యములోని దోర్నకల్లునకు వచ్చి, తన మాతృభాష కాని తెలుగును నేర్చుకొనెను.

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో ఆయన ధైర్యముగా మాటలాడెను. మిషనరీల త్యాగమును శ్లాఘించుచునే, వారు భారతీయులకు ఉపకారము చేయుచున్నారు గాని స్నేహితులుగా చేర్చుకొనుట లేదని చెప్పెను. సభలో పలువురు నొచ్చుకొనిరి. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో ఆయన దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడాయెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దీనిని ప్రోత్సహింపగా, భారతీయుని అధికారము క్రింద తెల్లవారు పనిచేయుట ఎట్లని శంకించినవారును ఉండిరి.

ఆ శంకకు ఆయన వాదముతో గాక ప్రయాణముతో ఉత్తరమిచ్చెనని చెప్పవచ్చును. ఎద్దుబండిమీద పల్లెలకు పోయి, చదువురాని కూలీల నడుమ కూర్చుండి బోధించెను. సంఘములో కులభేదమును, త్రాగుడును ఆయన సహింపలేదు. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపైనుంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని పలుకునట్లు చేసెను (1 కొరింథీయులకు 9:16 చూడుడి). ఆ మాట పలికినవారు వేదపండితులు కారు. పగలంతయు పరుల పొలములో పనిచేసి వచ్చిన మాల మాదిగ స్త్రీపురుషులు. సాక్ష్యమిచ్చుట జీతము తీసికొను ఉపదేశి పని మాత్రమే యని అటుపిమ్మట వారు అనుకొనుటకు వీలులేకపోయెను.

భిలాయి సెక్టర్ 6 వంటి చోట నివసించు తెలుగు విశ్వాసులకు ఈ సంగతి దగ్గరగా తోచును. 1959లో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటినుండి ఉక్కు కర్మాగారము అనేక ప్రాంతముల వారిని ఆకర్షించినది. మన జిల్లాల కుటుంబములును వారిలో చేరినవి. స్వగ్రామపు గురువు దూరము. తెలుగు ఆరాధనకు గురువు ఎల్లప్పుడు దొరకడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు ఆదివారము ఉదయమున నిద్రకును ప్రార్థనకును నడుమ ఊగులాడును. అట్టివేళ పొరుగు క్వార్టరులోని రోగిని దర్శించుటకు ఎవరు పోవలెను? దోర్నకల్లు కూలీలు తమ తలపై చేయి ఉంచుకొని ఇచ్చిన ఉత్తరము మనయెదుట నున్నది.

హిందూ, ముస్లిము నిర్మాణరీతులను కలిపి కట్టిన దోర్నకల్లు ఎపిఫనీ కతీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడి సమావేశమునుండి ఆయన ప్రయాసపడెను. వేరువేరు మిషనుల గోడలు పాశ్చాత్యదేశములలో పుట్టినవనియు, వాటిని తెలుగు పల్లెలు మోయనక్కరలేదనియు ఆయన భావము. 1945 జనవరి 1న దోర్నకల్లులో ఆయన ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడెను; ఆయన దానిని కన్నులార చూడలేదు.