గర్భధారణ: వారాల లెక్క ఎక్కడ మొదలు?

గర్భధారణ పాఠంలో ముందు పట్టు చిక్కాల్సింది రోజుల లెక్కపై. మిగతా అంకెలన్నీ దానిమీదే నిలుస్తాయి. వైద్యులు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు: 280 రోజులు, అంటే 40 వారాలు. ఫలదీకరణం నుంచైతే 266 రోజులు, 38 వారాలు. గర్భం లేని రెండు వారాలను కలపడం అశాస్త్రీయం కాదా? కాదు. అండం విడుదలైన రోజు సాధారణంగా స్త్రీకి తెలియదు, నెలసరి తేదీ తెలుస్తుంది. కొలతకు తెలిసిన తేదీయే ఆధారం. ఫలదీకరణం ఫాలోపియన్ నాళంలోని ఆంపుల్లా భాగంలో జరుగుతుంది (తప్పక గుర్తుంచుకోండి, గర్భాశయంలో కాదు). సుమారు వారానికి బ్లాస్టోసిస్ట్ (తొలి దశ పిండం) గర్భాశయ గోడలో ప్రతిస్థాపన చెందుతుంది. మూత్ర పరీక్షలో గర్భాన్ని తెలిపే హార్మోన్ హెచ్‌సీజీ. ఫలదీకరణం తర్వాత 8 వారాల వరకు పిండం, ఆపై భ్రూణం. మొదటి త్రైమాసికం ముగిసేసరికి ప్రధాన అవయవ వ్యవస్థలు ఏర్పడతాయి. తొలి కదలికలు తల్లికి తెలిసేది దాదాపు అయిదో నెలలో.

తొమ్మిది నెలలని గుర్తుంటే చాలదా అనవచ్చు. చాలదు, ఎందుకంటే చట్టం వారాల్లో మాట్లాడుతుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయం, నిర్దేశిత వర్గాల స్త్రీలకు 20-24 వారాల మధ్య ఇద్దరి అభిప్రాయం అవసరం. 24 దాటాక భ్రూణంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. ఒక్క వారం తేడా ఇక్కడ ఒక స్త్రీ హక్కునే మార్చేస్తుంది. ప్రసూతి సెలవు లెక్కా వారాల్లోనే: ఆ చట్టానికి 2017లో చేసిన సవరణతో అది 12 నుంచి 26 వారాలకు పెరిగింది. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. పరీక్షలో ఈ మినహాయింపునే ప్రశ్నగా అడిగే అవకాశం ఎక్కువ.