కూజా మొక్క పెంపకం: పోషణ, సేకరణ

మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండలలో సహజంగా పెరిగే కూజా మొక్క నెపంథిస్ ఖాసియానా. అభిరుచితో దీనిని పెంచేవారు గుర్తించవలసినది ఒకటున్నది: ఈ మొక్కకు కీటకం ఆహారం కాదు, ఎరువు. పిండిపదార్థాలను కిరణజన్య సంయోగక్రియ ద్వారానే తయారు చేసుకొంటుంది. నిస్సారమైన నేలలో కొరవడిన నత్రజని, భాస్వరాలను మాత్రం కూజాలో జీర్ణమైన కీటకాల నుండి గ్రహిస్తుంది. కావున కుండీలో యూరియా గాని, పశువుల ఎరువు గాని వేయరాదు, వేళ్లు దెబ్బతింటాయి. స్పాగ్నమ్ నాచు, పెర్లైట్ మిశ్రమం, వాన నీరు శ్రేయస్కరం. లవణాలు గల బోరు నీరు పనికిరాదు. ఆరుబయట ఉన్న మొక్క చీమలను తానే పట్టుకొంటుంది. ఇంటిలోని దానికి అప్పుడప్పుడు ఒకటి రెండు చిన్న కీటకాలు చాలు. ముచ్చటపడి మాంసపు ముక్కలు వేసినచో అవి కుళ్లి, కూజా చెడిపోతుంది.

సేకరణ ఇంతకంటె క్లిష్టమైనది. అంతరించే ప్రమాదమున్న ఈ జాతి సైటిస్ మొదటి అనుబంధంలో ఉన్నది. ఆడ, మగ మొక్కలు వేరువేరు. అడవిలో కొన్నింటిని పెకలించినచో మిగిలినవి పచ్చగానే కనిపిస్తాయి గాని, చేరువలో మగ మొక్క లేని ఆడ మొక్క విత్తనం కట్టదు. కాండపు కత్తిరింపులతో నర్సరీలో వృద్ధి చేయవచ్చు. అయితే కత్తిరింపుకు తల్లి మొక్క లింగమే వస్తుంది. ఒకే మొక్క నుండి నూరు కుండీలు నింపినా వాటి మధ్య విత్తనం ఏర్పడదు.